ఎల్లమ్మకు పోసిన సిరాహ్

మిర్యాలగూడ బస్టాండులో వెంకన్న చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి పక్కకు ఒరిగాడు. కునుకు పట్టిందనుకున్నారు జనం. కోదాడ బస్సు వచ్చింది, పోయింది. వెంకన్న మాత్రం లేవలేదు.

హైదరాబాద్‌లో సీక్రెట్ సెల్ చీఫ్ ప్రమీల ఏజెంట్ శివాజీని పిలిపించింది.

"మన ఇన్ఫార్మర్ వెంకన్న పోయాడు. పాయిజన్. రుచి లేదు, వాసన లేదు. తాగిన రెండో రోజుకు గుండె ఆగుతుంది."

"అసలు టార్గెట్ ఎవరు మేడం?"

"ఎల్లుండి విందుకు వచ్చే ఫారిన్ డెలిగేట్లు. వాళ్లకు పోసేది తిరుమలగిరిలో తయారైన వైన్. ట్రేడ్ ఒప్పందాన్ని చెడగొట్టాలని ఒక విదేశీ ముఠా ఆ పీపాలోనే పాయిజన్ కలపబోతోంది. సీసాల్లో నింపేది రేపు. కలిపే చెయ్యి ఎవరిదో పట్టుకో."

"లోపల మనవాళ్లున్నారా?"

"నందిని ఉంది."

శివాజీకి ప్రాణం లేచొచ్చింది. నందిని ముఠాలో చేరి సెల్‌కు సమాచారం మోసే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే తల తిప్పని మగవాడు లేడు. మనవాడు మాత్రం మినహాయింపా?

మర్నాడు ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇన్‌స్పెక్టర్ వేషంలో తిరుమలగిరి ద్రాక్షతోటలో దిగాడు. టోపీ, కళ్లజోడు సెల్ ఇచ్చినవి. మీసం సొంతం. చేతికి విషాన్ని పసిగట్టే వాచీ.

తోట నవనీతది. ఎర్రనేలలో బోరు నీళ్లతో సిరాహ్ రకం ద్రాక్ష పెంచింది. యూరియా వెయ్యదు, పురుగుమందు కొట్టదు. కోత అయ్యాక చిన్నాన్న అచ్చయ్య గొర్ల మందను సాళ్ల మధ్య నిలుపుతాడు. అదే ఎరువు.

"గీ ఒక్క పీపానే సారూ," అంది నవనీత, చెక్కను నిమురుతూ. "పత్తి పెట్టుకోక గీ పిచ్చేందని ఊరంతా నవ్విన్రు. గిది చెడితే ఇగ తీగలు పీకుడే."

వైన్ కొనే పెద్ద హోటల్ ప్రతినిధి వేషంలో నందిని అప్పటికే అక్కడుంది. గాజు గొట్టంతో పీపాలోంచి శాంపిల్ తీసి, రంగు చూసి, తల ఊపింది. శివాజీ పక్కకు వచ్చి, "ఉత్తరాన మబ్బు పట్టింది," అంది. కోడ్ వర్డ్.

"వాన కోదాడ దాటింది," అన్నాడు.

"పీపాలు కడిగే కోటయ్య. ఇంకా కలపలేదు. వెంటనే పట్టుకో."

అంతే. కోటయ్య చేతులకు బేడీలు పడ్డాయి. "నేనేం జేసిన సారూ?" అని అతను ఏడ్చాడు. శివాజీ అతని మొహం చూడకుండా జీపెక్కించాడు. పీపా దగ్గర వాచీ పెట్టాడు. పచ్చలైటు. అమ్మయ్య, సేఫ్!

"ఇక నింపండి," అంది నందిని.

"ఆగుండ్రి!" అచ్చయ్య అడ్డొచ్చాడు. "ఎల్లమ్మకు సాక పొయ్యకుండ సీసలెట్ల నింపుతరు?"

నవనీత నాలుగు గ్లాసుల్లో పోసింది. అచ్చయ్య నేలమీద రెండు చుక్కలు వంపి మొక్కాడు. నవనీత, శివాజీ కూడా అలాగే చేశారు. నందిని భక్తిగా కళ్లు మూసుకుని గ్లాసంతా నేలమీద కుమ్మరించింది.

అచ్చయ్య పకపకా నవ్వాడు. "గంత పోసినవేంది బిడ్డా! తల్లికి రెండు సుక్కలే. మిగిలింది మనం తాగాలె. తాగకుంటే అది సాకే గాదు."

శివాజీ తన గ్లాసు పీపా మీద పెట్టి నందిని ఖాళీ గ్లాసు వైపు చూశాడు. వైన్ కొనడానికి ఇంత దూరం వచ్చిన మనిషి పెదవైనా తడపలేదు! నవనీత గ్లాసు అప్పటికే పెదవుల దాకా వెళ్లింది.

"తాగొద్దు!"

ఒక చేత్తో నవనీత గ్లాసు, రెండో చేత్తో అచ్చయ్య గ్లాసు ఎగరగొట్టాడు. తన గ్లాసు తీసి నందిని ముందు పెట్టాడు.

"తాగండి మేడం."

ఆమె గ్లాసును చూసింది, అతన్ని చూసింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ వైపు పోయింది. గొర్ల కర్రతో అచ్చయ్య ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. బ్యాగులోంచి పిస్తోలు జారి పడింది.

"వాచీ పచ్చగానే ఉందే?" అన్నాడు శివాజీ.

"ఆ వాచీని సెల్‌కు ఎంపిక చేసింది నేనే," అంది తాపీగా. "ఈ విషాన్ని అది పట్టలేదు. గాజు గొట్టంలో పెట్టి పీపాలో కలిపాను. వెంకన్నకు మాత్రం పోయే ముందురోజు కాఫీలో ఇచ్చాను. పాపం, నన్ను నమ్మాడు."

శివాజీ సిగ్గుతో చచ్చిపోయాడు. తనూ నమ్మాడు కదా! నందినిని అచ్చయ్యకు అప్పగించి, వెళ్లి కోటయ్య బేడీలు విప్పి క్షమాపణ చెప్పాడు.

"అందరి ముంగట ఏసి, ఎవ్వలు లేనప్పుడు ఇప్పుతున్నరా?" అన్నాడు కోటయ్య, మణికట్టు రుద్దుకుంటూ. శివాజీ ఆ బేడీలే తెచ్చి అందరి ముందూ నందినికి వేశాడు.

ల్యాబ్ బండి వచ్చింది. విషం ఇంకితే తీగలూ గొర్లూ బతకవని సాక పడ్డ మట్టిని లోతుగా తవ్వి డబ్బాల్లో మూశారు. నవనీత పీపాను కౌగిలించుకుని భోరుమని ఏడ్చింది. కోటయ్యే వచ్చి ఆమె చేతులు విడిపించాడు.

"తీగలున్నయి గదమ్మా. పీకకు. వచ్చే యాడాదికి నేను కొత్త పీపా కడుగుత."

ఆమె కళ్లు తుడుచుకుని సాళ్ల వైపు నడిచింది.

శివాజీ ఫోన్ మోగింది. ప్రమీల.

"డెలిగేట్లు సేఫ్, శభాష్. ఆ వైన్ ఎవరైనా తాగారా?"

"ఎల్లమ్మ తల్లి ఒక్కతే తాగింది మేడం," అన్నాడు శివాజీ, తవ్విన గుంట వైపు చూస్తూ. "స్టేట్‌మెంట్ తీసుకునే ధైర్యం నాకు లేదు."