అవాలి బడిలో దండ వేసిన ఫోటో

ఈ ఎడారి దేశంలో అవాలి అనే ఊరి దారిలో ఉన్న ఆ ఇంగ్లీషు బడి పేరెత్తితే మా కూలీల క్యాంపులో అన్నం తింటున్నవాళ్లు కూడా చెయ్యి ఆపేస్తారు. చమురు పడ్డ కొత్తలో తెల్లదొరలు తమ పిల్లల కోసం కట్టుకున్న బడి. విలాయతులో పెద్ద చదువుకు పంపేముందు పసివాళ్లను ఇక్కడ తయారు చేసేవాళ్లట. అందులో ఒక పొడుగాటి వసారా. గోడ నిండా పిల్లల ఫోటోలు — నిక్కరు, టై, నున్నగా దువ్విన తల. ఒక్కో ఫోటో కింద రెండేసి సంవత్సరాలు. 1951 – 1957. 1960 – 1966...

మన దగ్గర ఫోటో కింద రెండు సంవత్సరాలుంటే ఏమిటో వేరే చెప్పాలా? అందరూ ఆరేళ్లకే పోయారు పాపం. ఫోటోల్లో పదేళ్లవాళ్లలా కనబడతారు గానీ, లెక్క చూసుకునే ఓపిక మావాళ్లకు ఓవర్‌టైం దగ్గరే ఉంటుంది.

చీకటి పడ్డాక ఆ వసారా తుడవడానికి మాలో పరమేశ్ ఒక్కడే వెళ్లేవాడు.

మా క్యాంపులోనే ఉండే ముత్తన్నను మాత్రం దెయ్యాలకంటే పరమేశే ఎక్కువ పీడించాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, వరసకు బావమరిది, వచ్చింది ఒకే విమానంలో. దిగాక పరమేశ్‌కు ఏసీ బడి. ముత్తన్నకు ఎడారిలో పైపుల గుంత. ఒకరోజు పరమేశ్ వచ్చి, "స్వెట్టరుంటే ఇయ్యి బావా, లోపల మస్తు సల్లగుంటది" అన్నాడు. ఆ పూట ముత్తన్న అన్నం ముట్టలేదు. ఉపవాసమన్నాడు. ఏ దేవుడికో మాత్రం చెప్పలేదు.

ఆపైన ఆ బడి డ్యూటీ తనకిమ్మని సూపర్‌వైజర్ వెంటపడ్డాడు. ఆయన విసిగిపోయి, "రేపు సాయంత్రం నువ్వు పోయి చెయ్. పని బాగుంటే ఆ డ్యూటీ నీది, గుంత పరమేశ్‌ది" అన్నాడు.

పరమేశ్ గొడవ పడలేదు. చీపురు అప్పజెబుతూ చెవిలో చెప్పాడంతే.

"చివరి ఫోటో పోరడు... చెవులు పెద్దగుంటయి సూడు. మంచోడు కాదు బావా. నేను దండేసిన, అప్పటిసంది సప్పుడు చేస్తలేడు. దండ తియ్యకు."

"తీస్తే?"

"నువ్వెందుకు తీస్తవ్..."

చీకటి పడింది. వసారాలో ఒక్కటే దీపం. ముత్తన్నకు ముందు భయం వేయలేదు, కడుపు మండింది — చచ్చి కూడా వీళ్లు చల్లగా ఉన్నారు, బతికుండి తను ఎండుతున్నాడు. తుడుచుకుంటూ చివరికొచ్చాడు. చెవుల పిల్లాడున్నాడు.

దండ లేదు.

కింద చూశాడు... లేదు. పక్కగది తలుపు తెరిచి ఉంది. లోపల, పసిపిల్లల బుల్లి కుర్చీలో ఎవరో ముడుచుకుని కూర్చున్నారు. నిక్కరు. తెల్లజుట్టు. అవే చెవులు. మెడలో — ప్లాస్టిక్ బంతిపూల దండ.

ఆకారం లేచింది. దండను పైకెత్తి చూపించి, మెల్లగా అడిగింది.

"యూ?"

ఇంగ్లీషు రాకపోయినా ముత్తన్నకు అర్థమైంది, ఎవడేశాడని అడుగుతోంది. ప్రాణం మీదికొస్తే బావమరిది గుర్తురాడా?

"నేను కాదు సార్... పరమేశ్. పరమేశ్ సార్. క్యాంపుల ఉంటడు... పైమంచం."

అప్పుడే లైట్లు వెలిగాయి. గుమ్మంలో బడి పెద్దమేడమ్, వెనక వాచ్‌మన్ భాయ్. ఆకారం నవ్వుతోంది.

వాచ్‌మన్ విడమర్చాడు. అవి పిల్లలు బడిలో చేరిన సంవత్సరం, వదిలిన సంవత్సరం. వాళ్లలో ఒకడు జడ్జి అయ్యాడు, ఒకడు ఓడకు కప్తాను, ఈ చెవులాయన విమానాలు నడిపాడు. బడి వార్షికోత్సవానికి వచ్చి, తన పాత గది చూసుకుందామని ఒకరోజు ముందే దిగాడు. గోడ మీద అంతమందిలో తనొక్కడికే దండ. ఇండియాలో గొప్పవాళ్లకు దండలు వేస్తారని ఎక్కడో విన్నాడట. కళ్లనీళ్లు పెట్టుకుని, తీసి మెడలో వేసుకున్నాడు.

మర్నాడు సభలో ఆయన పరమేశ్‌ను స్టేజీ ఎక్కించాడు. ఇలాంటి మనిషిని బడి వదులుకోకూడదన్నాడు. పెద్దమేడమ్ సరేనంది. ముత్తన్న మళ్లీ గుంతలోకి దిగాడు. పేరు చెప్పింది తనే గనక ఎవరినీ తిట్టడానికి లేదు.

పరమేశ్ ఫోటో కూడా అదే వసారాలో పెట్టారు. పనిలో చేరిన సంవత్సరం, ఒక గీత, పక్కన ఖాళీ. దాన్ని ఫోన్‌లో తీసుకొచ్చి క్యాంపంతా తిప్పాడు. ముత్తన్న చాలాసేపు చూశాడు.

"మంచిగున్నదిరా. మరి రెండోది ఎప్పుడేస్తరట?"

ఆ అంకెలేమిటో పరమేశ్‌కు అందరికంటే బాగా తెలుసు. అయినా ఆ రోజు నుంచి, చీకటి పడితే వాడు కూడా ఆ వసారాలో అడుగు పెట్టడం లేదు.