స్విచ్ గదిలో రెండో గొంతు

ఆ భవనం అడుగు అంతస్తులో స్విచ్ గది ఒకటుంది. రాత్రి డ్యూటీవాళ్ళకి అదంటే హడల్. పగలు పదిమంది తిరిగే గదే. చీకటిపడ్డాక మాత్రం... లోపల ఒక్కడే ఉన్నా రెండు గొంతులు వినిపిస్తాయంటారు. కాపలాదారైతే ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి టార్చి ఆర్పేసి పరుగెత్తేవాడట. ఆర్పడమెందుకురా అంటే, ఎవరైనా కనపడితే ఏం చెయ్యాలో తెలీక అన్నాడట.

నాకీ సంగతి చెప్పింది మా అక్క మొగుడు, మా బావ. అక్కడ రాత్రి డ్యూటీ ఆయనదే. అబద్ధం అల్లేటంత తెలివి మా బావకి లేదు కాబట్టి నమ్మాను.

అదొక డేటా సెంటర్. ఆసుపత్రులవీ బ్యాంకులవీ కంప్యూటర్లు గదుల నిండా పేర్చి ఉంటాయి. అవి క్షణం ఆగకూడదు. అందుకే అక్కడ ఏదీ ఒంటరిగా ఉండదు. కరెంటుకి రెండు దారులు, బ్యాటరీలు రెండు వరసలు, జనరేటర్లు కావలసినదానికన్నా ఒకటి ఎక్కువ.

ఇలాంటి భవనాలకి స్థాయిలుంటాయట. ఉన్నది ఒకే దారి, అది పోతే అంతా పోయినట్టే అంటే ఒకటో స్థాయి. దారి ఒకటే అయినా అదనపు యంత్రాలు పెట్టుకుంటే రెండోది. ఒక దారి ఆపి బాగుచేస్తుంటే, పని రెండో దారిమీద నడిచిపోతే మూడోది. చెప్పాపెట్టకుండా ఏది పేలినా బయటివాళ్ళకి తెలియనే తెలియకపోతే నాలుగోది. మా బావవాళ్ళది మూడో స్థాయి. అలాగని ఇచ్చిన పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నారు.

"అన్నీ రెండేసి పెట్టారు బామ్మర్దీ," అన్నాడు బావ. "మనిషిని మాత్రం ఒక్కణ్ణే పెట్టారు."

మొదట్లో రాత్రికి మనుషులూ ఇద్దరే. బావకి తోడు ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. అందరూ పెద్దాయన అనేవారు. స్విచ్‌లు వేసీ ఆపీ కరెంటు దారి మార్చేటప్పుడు ఆ గదిలో ఒక పద్ధతుంది. కాగితంలో ఉన్న మెట్టుని ఒకరు పైకి చదవాలి. రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. అప్పుడే పిడి లాగాలి. పెద్దాయనకి ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఆవిడ ఉప్పు తెమ్మన్నా "ఉప్పు తెమ్మన్నావు" అని చెప్పిగానీ లేచేవాడు కాదట.

తర్వాత పైవాళ్ళు లెక్కలు చూసి, రాత్రికి ఒక్కరు చాలన్నారు. వంతులు వేశారు. పెద్దాయన తన వంతు రాత్రి ఆ గదిలోనే కుప్పకూలిపోయాడు. గుండె. పొద్దున షిఫ్టువాళ్ళు వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

అక్కడ ఫ్యాను బెల్టు తెగితే నలుగురి ఫోన్లు మోగుతాయి. మనిషి పడిపోతే ఒక్కటీ మోగలేదు. ఆయన అలా పడున్న ఆరు గంటలూ కంప్యూటర్లు చక్కగా నడిచాయి.

గదికి చెడ్డపేరు అప్పట్నుంచే. మిగతావాళ్ళు ఏవో సాకులు చెప్పి పగటి షిఫ్టుకి మారిపోయారు. రాత్రులన్నీ మా బావ నెత్తిన పడ్డాయి. ఆయనకి దెయ్యాలమీద నమ్మకం లేదు, కానీ ఒంటరితనం మాత్రం పీక్కుతినేది. పొద్దున ఇంటికొచ్చేసరికి అక్క ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్ళిపోయేవారు. వారం మొత్తంలో తన గొంతు తనే నాలుగుసార్లు వినేవాడేమో.

ఇంకో ఊళ్ళో ఇలాంటిదే మరో భవనం ఉంది. ఇది మునిగినా అది తేలాలని. అక్కడ రాత్రుళ్ళు ఒకావిడ ఉంటుంది. బావ ఆవిడ ముఖం చూడలేదు. స్విచ్‌లు మార్చే రాత్రి మాత్రం ఆవిడ గోడకున్న స్పీకరులో లైనుమీద ఉండి, బావ చదివింది తిరిగి చెప్పాలి. పెద్దాయన పోయాక పెట్టిన ఏర్పాటది.

ఒక రాత్రి బాగుచేతకని రెండో దారి ఆపాల్సొచ్చింది. పంతొమ్మిది మెట్లు. ఆ దారి ఆగినంతసేపూ గోడమీది పత్రం ఏమన్నా సరే, భవనం ఒకటో స్థాయికి పడిపోయినట్టే. మిగిలిన ఒక్క దారిమీద తప్పు పిడి లాగితే, ఆసుపత్రులతో సహా అంతా చీకటి.

బావ స్పీకరు నొక్కి చదివాడు. "ఒకటి. రెండో దారి, మొదటి స్విచ్ ఆపు."

కాస్త ఆగి... "రెండో దారి, మొదటి స్విచ్ ఆపు," అంది ఒక గొంతు. సన్నగా, బొంగురుగా. ఆవిడకి జలుబు చేసిందనుకున్నాడు.

పదకొండు మెట్లు సాఫీగా జరిగాయి.

"పన్నెండు. రెండో దారి, ఆరో స్విచ్ ఆపు."

జవాబు లేదు.

మళ్ళీ చదివాడు. యంత్రాల హోరు తప్ప ఏమీ లేదు... చెయ్యి అప్పటికే పిడిమీద ఉంది. విసుగొచ్చింది. కాగితంలో ఉన్నదేగా, ఇంకొకరు తిరిగి చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత... లాగబోయాడు. లాగబోతూ ఎందుకో తలెత్తి పైన రాసున్నది చూశాడు.

మొదటి దారి. ఆరో స్విచ్.

ఎదురెదురుగా రెండు వరసలు, అచ్చం కవలల్లా ఉంటాయవి. తిరగడంలో ఇటు తిరిగాడు. బావ పిడి వదిలేసి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి, అవతలి వరసకి వెళ్ళి, పైన రాసున్నది రెండుసార్లు చూసుకుని మళ్ళీ చదివాడు. ఈసారి జవాబు వెంటనే వచ్చింది — చెవి పక్కనుంచే వచ్చినట్టు.

పని ముగిశాక ఆవిడే బావ సెల్‌ఫోనుకి చేసింది. బావ దండాలు పెట్టినంత పనిచేశాడు. మీరు ఆగబట్టి నేను బతికిపోయాను అన్నాడు.

"నేనా?" అందావిడ.

తన మైకు సాయంత్రమే పాడైందట. మెసేజి పెట్టిందట, బావ చూడలేదు. వినడం మాత్రం అన్నీ విందట.

"మీరు చదువుతుంటే పక్కనాయన చెబుతున్నారుగా," అంది. "పన్నెండో మెట్టు దగ్గర ఆయన ఆగిపోతే నా ప్రాణాలు పైకే పోయాయి. మీకేంలెండి... తోడున్నారు. నాకిక్కడ పిలిస్తే పలికేవాళ్ళు లేరు."

బావ గదంతా కలయచూశాడు.

"ఒక్కసారి ఆయనకి ఇవ్వరూ? మాట్లాడతాను."

ఏం చెయ్యాలో తోచక బావ ఫోనుని ఆ ఖాళీ గదివైపు చాపి పట్టుకున్నాడు. ఎంతసేపో ఆయనకే తెలీదు. తిరిగి చెవికి పెట్టుకునేసరికి ఆవిడ మెల్లగా అంటోంది — "అవునండీ, రాత్రంతా ఒక్కదాన్నే... వస్తారా? నిజంగానా?"

లైను తెగిపోయింది.

నెల తర్వాత మళ్ళీ స్విచ్‌లు మార్చాల్సొచ్చింది. బావ మొదటి మెట్టు చదివి, చెవులు రిక్కించి నిలబడ్డాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. స్పీకరులోంచి ఆవిడ గొంతు స్పష్టంగా తిరిగి చెప్పింది.

ఆవిడ వెనకాలే... సన్నగా, బొంగురుగా... ఇంకో గొంతు.

భయమెయ్యలేదా బావా అన్నాను.

"భయం కాదు బామ్మర్దీ, ఏడుపొచ్చింది," అన్నాడు. "వెళ్ళేముందు నాకొక్క మాటైనా చెప్పొచ్చుగా."