ఒకవైపే కాల్చే ఖతాయెఫ్

బుధవారం సంగీతకు సెలవు. పెనుకొండ దగ్గర కార్ల సీట్లు కుట్టే కంపెనీలో ఆరు రోజులు నిలబడి పనిచేసే పిల్ల ఏడో రోజు పొద్దెక్కేదాకా పడుకోవాలనుకుంటే తప్పేమీ లేదు. కానీ ఆ రోజు ఏడింటికే వంటింట్లోంచి ఈస్టు పొంగిన వాసన, గిన్నెల చప్పుడు, వాటితోపాటు సన్నగా ఒక కూనిరాగం మొదలయ్యాయి. పన్నెండేళ్లు ఈ ఇంట్లో లేని మనిషి ఇప్పుడొచ్చి తీరుబడిగా పాటలు పాడుకుంటుంటే సంగీతకు ఒళ్లు మండింది. దుప్పటి నెత్తిమీదికి లాక్కుంది గానీ పాట వినబడుతూనే ఉంది.

ఆ పాడుతున్నది ఆమె కన్నతల్లి ఎస్తేరు. సంగీతకు ఏడేళ్లప్పుడు ఇంటిపనికని కువైట్ వెళ్లింది. నడుమ రెండుసార్లు వచ్చి, చుట్టాలకు సబ్బులూ సెంట్లూ పంచి మళ్లీ విమానం ఎక్కింది. కంపెనీలో పని దొరికి ఈ ఇంటికి వచ్చేదాకా పిల్లను ధర్మవరంలో మేనత్త రూతమ్మ పెంచింది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఈ పిల్లకు అడుగుదామన్నా అమ్మ ఫోనులోనే ఉండేది. నెలన్నర కిందట ఆ ఇంటి పని ముగిసి ఎస్తేరు హిందూపురం తిరిగొచ్చేసరికి కూతురికి పంతొమ్మిదేళ్లు, ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి మాటలే లేవు.

ఇక వెళ్లనంటుంది ఎస్తేరు. వెళ్లాల్సిందే అంటాడు ఆమె భర్త రవికుమార్. ఇంటిపైన రెండో అంతస్తు సగంలో ఆగింది, కొత్త వీసా చేతికొచ్చింది, ఏజెంటు ఆ సాయంత్రానికి మాట చెప్పమన్నాడు. వారం రోజులు గొడవపడి చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. రంజాన్ నెల రాబోతోంది. ఎస్తేరు అక్కడ నేర్చుకున్న ఖతాయెఫ్ అనే అరబ్బుల తీపి తన మిఠాయి కొట్లో అమ్ముదామని బస్టాండు దగ్గరి గంగప్పకు ఆశ పుట్టింది. పదకొండింటికి ఇంటికొచ్చి రుచి చూస్తానన్నాడు. ఆయనకు నచ్చితే ఎస్తేరు ఉంటుంది, నచ్చకపోతే వెళుతుంది.

సంగీతకు ఇదంతా తెలుసు. తెలిసే మొహం కడుక్కుని వంటింటి గడపలో నిలబడింది.

"లేచినావా పాపా. కాఫీ కలిపిస్తా ఉండు," అంది ఎస్తేరు.

"నేను కలుపుకుంటాలే. నాకూ చేతులుండాయి."

ఎస్తేరు నవ్వింది. ఎంత మాటన్నా నవ్వేసే ఈ అలవాటు సంగీతకు బొత్తిగా గిట్టదు. సిగ్గూ ఎగ్గూ లేకుంటేనే మనుషులు అట్లా నవ్వుతారని ఆమె అభిప్రాయం.

"యాభై చేయాల పాపా. నువ్వు పెనం కాడ నిలబడితే నేను నీళ్లు పోసుకొని చీర మార్చుకుంటా. ఇది మన దోసె మాదిరి కాదు..."

"తెలుసులే. ఒకపక్కనే కాల్చాల, తిరగేయకూడదు. పైపక్క తడిగా ఉంటేనే మడిచినప్పుడు అంచులు అతుక్కునేది. ధర్మవరంలో ఉన్నప్పుడు ఫోనులో చూపిస్తివి కదా."

ఎస్తేరు మొహం వెలిగిపోయింది. "అంత బాగా గుర్తుండాదా నీకు? ఆ పొద్దు లూల్వాకు చేస్తాంటి. ఆ పాప ఇవి ఎన్ని పెట్టినా తినేది."

గుర్తుండక ఏం చేస్తుంది? అప్పటికి సంగీతకు ఎనిమిదేళ్లు. బడిలో పద్యం చెప్పి గెలుచుకున్న స్టీలు గ్లాసు చూపిద్దామని అత్త ఫోను పట్టుకుని కూర్చుంది. అమ్మ పిండి పోస్తూ, వేయిస్తూ, పాకంలో ముంచుతూ మాట్లాడింది. ఇంతలో ఆ ఇంటివాళ్ల పిల్లది, తెల్లటి చిన్న చెయ్యి ఒకటి ఫోనులో కనబడింది. "ఉండు పాపా, లూల్వాకు పెట్టొస్తా," అని అమ్మ ఆ పిల్ల నోట్లో తన చేత్తో ఒక ముక్క పెట్టి, ఫోను గట్టుమీద పడేసి వెళ్లిపోయింది. సంగీత గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఇరవై నిమిషాలు ఆ కువైట్ ఇంటి పైకప్పు చూస్తూ కూర్చుంది. అమ్మ మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి ఫోను మోగితే సంగీత బయటికి పరిగెత్తేది.

ఎస్తేరు స్నానానికి వెళ్లింది. సంగీత పెనం వేడిచేసి చిన్న గరిటెతో పిండి పోసింది. పైన సన్నని చిల్లులు పడ్డాయి, మెరుపు తగ్గింది. అంటే అయినట్టే, తీసేయాలి. మొదటిది అట్లాగే తీసి పళ్లెంలో పెట్టింది. రెండోది పోసింది, చిల్లులు పడేదాకా చూసింది, అట్లకాడతో తిరగేసింది.

ఒక్కసారి చేయి తిరిగాక ఇక ఆగలేదు. మూడోది, పదోది, నలభయ్యోది. తిరగేసినప్పుడల్లా ఆమె మనసులో అనుకున్న మాట ఒక్కటే, పో. తల్లి పక్కగదిలో బతుకుమీద ఆశతో తల దువ్వుకుంటుంటే, కూతురు ఆ ఆశను తిప్పి తిప్పి కాల్చిందన్నమాట. పగవాళ్లు కూడా అంత ఓపిగ్గా చెయ్యరు. చివరికి తడిగుడ్డ కప్పి, పిండిగిన్నె కడిగి బోర్లించి, స్టూలు మీద కూర్చుంది.

గంగప్ప పదిన్నరకే వచ్చాడు. ముందుగదిలో రవికుమార్ ఆయనకు కుర్చీ వేసి మర్యాదలు చేస్తున్నాడు. వంటింట్లో ఎస్తేరు ఉతికిన చీర కట్టుకుని, వేయించిన వేరుశనగ విత్తనాల పొడి, చక్కెర, దాల్చినచెక్క కలిపిన గిన్నె ముందేసుకుని కూర్చుంది. మొదటిది తీసి చెంచాడు పొడి పెట్టి సగానికి మడిచి అంచు నొక్కింది. అతుక్కుంది. రెండోది నొక్కింది. అంచు విడిపోయింది. మళ్లీ నొక్కితే చిట్లింది. దాన్ని తిప్పి చూసింది. రెండోపక్క ఎర్రటి మచ్చలున్నాయి.

తలెత్తి కూతురి వైపు చూసింది. సంగీత రెప్ప వెయ్యకుండా చూసింది. ఇప్పుడు అరుచుకో, ఇప్పుడు ఏడ్చుకో, అన్నట్టే ఉంది ఆ చూపు. ఎస్తేరు లేచి ఇంత మైదాపిండి నీళ్లలో కలిపి, ఆ జిగురు అంచులకు రాస్తూ ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టింది.

నూనెలో వేయగానే దాదాపు అన్నీ నోళ్లు తెరిచాయి. లోపలి పొడి బయటపడి మాడింది, నూనె నల్లబడింది, ఇల్లంతా పొగ. ఉన్నంతలో బాగున్నవి ఏరి పాకంలో ముంచి ఎస్తేరే పళ్లెం పట్టుకెళ్లింది. గంగప్ప ఒకటి కొరికి, మిగిలింది పళ్లెం అంచున పెట్టాడు.

"ఏమ్మా, పన్నెండేండ్లు ఆడ ఉండి నేర్చుకొనింది ఇదేనా? మా కొట్లో కజ్జికాయలు చేసే ఈరక్క ఏ దేశమూ పోలే, దీనికంటే ఆమె నయం. ఇది పెడ్తే నా మొగాన కొడ్తారు జనాలు."

"పిండి సరిగా పొంగలేదన్నా. నాదే తప్పు," అంది ఎస్తేరు.

తలుపు వెనకనుంచి వింటున్న సంగీతకు ఆ మాట మింగుడుపడలేదు. తన పేరు చెబుతుందని, గొడవ జరుగుతుందని, తన కడుపులోదంతా కక్కెయ్యొచ్చని కాచుకుని ఉందామె. గంగప్ప చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. రవికుమార్ గొంతు తగ్గించనైనా తగ్గించలేదు.

"ఉన్న పరువు కూడా తీసేస్తివి కదా. నీకేంటికి యాపారాలు? ఆడికి పొయ్యి గిన్నెలు తోముకో, దానికే పనికొస్తావు నువ్వు," అని ఫోను తీసుకుని వీధిలోకి నడిచాడు.

తల్లి ఏడుస్తుంటే చూడాలని సంగీత వంటింట్లోకి వెళ్లింది. ఎస్తేరు ఏడవడం లేదు. పగిలినవాటిని గబగబా ఒక కవర్లోకి ఏరి, ఆ కవరును బియ్యం డబ్బా వెనక్కి తోస్తోంది. దొంగసొత్తు దాచేవాళ్లకు కూడా అంత కంగారు ఉండదు.

"నేనే తిరగేసినా," అంది సంగీత. "అన్నీ తిరగేసినా. కావాలనే."

"తెలుసు పాపా."

"మరి ఆయప్పకు ఏంటికి చెప్పలే?"

"నిన్ను ఏమన్నా అంటారని."

"నా గురించి నీకేంటికి? నువ్వు పెంచితివా నన్ను? జరమొస్తే అత్త చూసె, పెద్దమనిషినైతే అత్త చూసె. నువ్వు ఆ లూల్వాకు అమ్మవు. పో, ఆడికే పొయ్యి ఆ పాప నోట్లో పెట్టుకుంటా కూర్చో."

మాటలు చాల్లేదు ఆమె కోపానికి. బాణలి మీదున్న జల్లిగరిటె తీసి, సింకులోకి విసరడానికి చెయ్యి పైకెత్తింది.

ఎస్తేరు ఒక్క ఉదుటున గోడవారకు నక్కి కింద కూలబడింది. రెండు మోచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఆసిఫా, మామా," అంది అరబ్బీలో. "ఆసిఫా, ఆసిఫా." ఆ మాటకు అర్థం సంగీతకు తెలియదు. కానీ అది క్షమించమని బతిమాలడమేనని ఎవరూ చెప్పక్కర్లేదు. కువైట్ ఫ్యాషనని తను వెక్కిరించే పొడుగు జాకెట్టు చేయి మోచేతి దాకా జారింది. ముంజేతి మీద పాత కాలిన మచ్చలు, వాటి నడుమ కాలని చర్మం గుండ్రటి చుక్కలుగా, వరసలుగా. సంగీత తన చేతిలోని జల్లిగరిటె చూసింది. దాని చిల్లులూ అట్లాగే ఉన్నాయి.

గరిటెను చప్పుడు కాకుండా గట్టుమీద పెట్టింది. తల్లి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అమ్మా, నేను. నేనే."

ఎస్తేరు మెల్లగా చేతులు దించింది. జరిగింది తెలుసుకుని, జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని, నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ నేర్చుకుందో సంగీతకు అప్పుడు అర్థమైంది.

"ఇవి పగిలితే ఆడ నిన్ను కొట్టేవాళ్లా?" అంది సంగీత, బియ్యం డబ్బా వెనకున్న కవరు చూస్తూ.

"అందరూ అట్ల ఉండరు పాపా. నాకు ఇవి నేర్పించిన ఈజిప్టు వంటామె మన అవ్వ మాదిరే చూసుకొనింది. మేడంకే, మేము మామా అని పిలిచేది ఆమెనే, కోపం ఎక్కువ. రంజాన్ ఉపాసం విడిచే ఏళకు చుట్టాలొస్తారు, వాళ్ల ముందర పగిలినవి పెడ్తే పరువు పోతాదని ఆమెకు."

"మరి లూల్వా?"

"ఆ పాపకు తీపే పడదు." ఎస్తేరు కూతురి మొహంలోకి చూడలేక నేలవైపు చూస్తూ చెప్పింది. "పగిలినవి వాళ్లమ్మ కంటపడకూడదని వచ్చి నోరు తెరిచేది. నేను గబగబా పెడ్తాంటి. ఒగోసారి కక్కుకునేది కూడా. ఐదేండ్ల బిడ్డ, నన్ను కొట్టకుండా ఉండాలని తినేది."

పదకొండేళ్లు సంగీత కుళ్లుకుంది ఆ ముద్ద చూసే. పరాయి దేశపు పసిబిడ్డ తన తల్లిని కాపాడటానికి ఇష్టం లేని తీపి మింగింది. కడుపున పుట్టిన తను ఆ తల్లినే దెబ్బలకు తిరిగి పంపడానికి పొద్దున్నుంచీ పెనం ముందు నిలబడింది. సిగ్గుతో ఆమెకు ఏడుపు కూడా సరిగా రాలేదు.

"మాకు ఎవురికీ చెప్పలేదే."

"నీకు చెప్తే నిద్రపోతావా పాపా? మీ నాయనకు మొదటిసారి వచ్చినప్పుడే చూపిస్తి."

వీధిలోంచి రవికుమార్ అప్పుడే లోపలికొచ్చాడు. "మాట్లాడినా. శుక్రవారం బయలుదేరాల," అన్నాడు. కిందున్న ఇద్దరినీ చూసి ఆగాడు.

సంగీత లేచింది. "నాయనా, అమ్మ తప్పు లేదు. నేనే చెడగొట్టినా. అమ్మ చేతులు నువ్వు చూసినావంట, నిజమేనా?"

రవికుమార్ పక్కకు చూశాడు. "పనికి పోయినకాడ ఇట్లాంటివి ఉంటాయి," అని గొణిగాడు. సంగీత ఆయన్నే చూస్తూ నిలబడేసరికి తప్పు తనమీదికి వస్తోందని తోచిందేమో, గొంతు పెంచాడు. "ఇంటికొచ్చిన లక్ష్మిని తన్నేసి నన్ను అడుగుతావా నువ్వు," అంటూ చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి కిందికి రాలేదు. నిమిషం కిందట గోడవారకు నక్కిన మనిషి ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. మొహానికి చేతులు అడ్డం పెట్టుకోలేదు, నవ్వనూ లేదు.

"పాపను ముట్టద్దు," అంది ఎస్తేరు. "నేను పోను. గంగప్ప కొన్నా కొనకున్నా పోను. ఆ ఏజెంటుకు నువ్వే చెప్పు."

రవికుమార్ ఎత్తిన చెయ్యి దించేసి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. సంగీత కూడా ఆగలేదు, ఆ ఎండలో బస్టాండు దాకా నడిచింది. గంగప్ప కొట్లో నలుగురు కొనేవాళ్లున్నారు. వాళ్ల ముందరే, తప్పు తనదని, అమ్మమీద కోపంతో చేశానని, ఇంకోసారి రుచి చూడమని అడిగింది. ఆయన తూకం ఆపి ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు.

"కన్నతల్లికే ఇట్ల చేసినదానివి. నీ మాట పట్టుకొని నేను రంజాన్ యాపారం పెట్టేదా? మీయమ్మను పంపీ, చూద్దాం. నువ్వు మాత్రం ఈ కొట్టు మెట్టు ఎక్కద్దు."

కొనడానికొచ్చినవాళ్లలో ఒకామె మూతి తిప్పుకుంది. సంగీత తలొంచుకుని దిగింది. అందులో ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. దారిపొడుగునా ఏడుస్తూ ఇంటికొచ్చేసరికి ఎస్తేరు కొత్తగా పిండి కలిపి గుడ్డ కప్పి ఉంచింది, నల్లబడ్డ నూనె తీసేసి బాణలి తోముతోంది.

"యాడికి పోయింటివి పాపా ఈ ఎండలో?"

"గంగప్ప కాడికి. నిన్ను రమ్మన్యాడు, చూస్తాడంట." సంగీత గడప దాటి లోపలికి రాలేదు. "నన్ను నమ్మనన్యాడు అమ్మా."

ఎస్తేరు చేతులు తుడుచుకుంది. పొయ్యి వెలిగించి, పెనం పెట్టి, పిండిగిన్నె దాని పక్కకు జరిపింది. తర్వాత గడప దగ్గరికి వచ్చి కూతురి చేతిలో గరిటె పెట్టింది.

"ఆయప్ప నమ్మకుంటే ఏమి? నేను నమ్ముతాండా కదా. నువ్వు కాల్చు, నేను మడుస్తా."

సంగీత పొయ్యి ముందు నిలబడి మొదటిది పోసింది. కన్నీళ్లకు చిల్లులు కనబడటం లేదు. ఎప్పుడు తీయాలో తెలియక తల్లిని అడిగింది, పక్కనే నిలబడిన ఎస్తేరు, "ఇప్పుడు తీయి పాపా," అని చెప్పింది.