వెలగని బల్బు

"తొట్టిలో చెయ్యి పెట్టమన్నది నేనేనండి. మా ఓనరు పెట్టారు, పోయారు. సాయంత్రంలోగా పోలీసులు నన్ను పట్టుకెళ్తారట" అంది చేపల ప్రదర్శనలో తొట్లు కడిగే మనిషి. కాళ్లకున్న రబ్బరు బూట్లయినా విప్పకుండా పరుగెత్తుకొచ్చింది.

డిటెక్టివ్ మంచినీళ్లు ముందుకు జరిపాడు. అసిస్టెంటు నోట్‌బుక్ తెరిచింది. నోరు మెదపకుండా ఎదుటివాళ్ల నోరు విప్పించే ఆయన విద్య, ఆరేళ్లయినా ఆమెకి అబ్బలేదు.

కరెంటు చేప తొట్టి కడగడానికి అక్కడో పద్ధతి ఉంది. చేపను రబ్బరు కర్రతో పదే పదే పొడుస్తారు. పొడిచినప్పుడల్లా అది కరెంటు వదులుతుంది, తొట్టికి తగిలించిన బల్బు వెలుగుతుంది. చివరికి వెలగడం మానేస్తే చేప అలిసిపోయినట్టు. అప్పుడు చెయ్యి పెట్టొచ్చు.

"నిన్న ఎన్నిసార్లు వెలిగింది?"

"ఒక్కసారీ లేదు సార్. అడుగున కదలకుండా పడుంది. నత్తకి అత్తవే నువ్వని ఓనరు విసుక్కుంటే, సరే పెట్టండన్నా."

ప్రదర్శనశాలలో ఓనరు భార్య, తమ్ముడు ఎదురుచూస్తున్నారు. ట్రేలో చచ్చిన చేప ఉంది. దాని మూతి చర్మం లేచి ఎముక కనిపిస్తోంది. డిటెక్టివ్ తొట్టిలోని హీటరు పైకి లాగాడు. దాని తీగ మీది రబ్బరును ఎవరో కత్తితో చెక్కేశారు.

"మీ అన్న చెయ్యి పెట్టినప్పుడు మీరెక్కడున్నారు?" అని తమ్ముణ్ని అడిగాడు.

"స్విచ్‌బోర్డు దగ్గర. నా కళ్లతో చూశా. నీళ్లలోంచి లేచి అన్నయ్య చేతికి చుట్టుకుంది."

"ముందురోజు సాయంత్రం తొట్టి నింపిందెవరు?"

"నేనే. ఎగిరి మీద పడుతుందని అంచుదాకా నింపి మూత బిగించా. చేపకి నీళ్లెక్కువైతే నష్టమా?"

"ఈ చేపకి నష్టమే. పది నిమిషాలకోసారి పైకొచ్చి మనలాగే గాలి పీలుస్తుంది. అందుకే పైన జానెడు ఖాళీ ఉంచుతారు. మీ మూతకి మూతి కొట్టుకుని కొట్టుకుని ఆ రాత్రే చచ్చింది. పొద్దున బల్బు వెలగనిది అందుకే. చచ్చిన చేప చేతికెలా చుట్టుకుంది బాబూ? అన్న చెయ్యి పెట్టగానే హీటరు స్విచ్చి వేసిందెవరు?"

తమ్ముడు వదిన వైపు తిరిగాడు. "ఏడేళ్లు వదినా. ప్రతి ఆదివారం ప్రదర్శనలో ఈ చేప తొట్టి తీగ నా చేత పట్టించాడు. షాక్ కొట్టి నేను ఎగిరిపడితే జనం నవ్వేవాళ్లు. నువ్వూ నవ్వావు."

పోలీసులొచ్చి అతన్ని తీసుకెళ్లారు.

తొట్లు కడిగే మనిషి గోడకి జారబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అసిస్టెంటు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఓనరు భార్య చేతిగడియారం చూసుకుంది.

"సరే, చంపింది నువ్వు కాదన్నమాట. అయితే కూర్చున్నావేం? మధ్యాహ్నం జనం వస్తారు, ఆ నీళ్లు పారబొయ్యి."

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.