ఆరో సెల్

"మీ ఆయనకి పెళ్ళాం కావాలి," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండానే.

ఏజెంట్ పదిహేడు కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆమెకి పెళ్ళయి సరిగ్గా ఇరవైరెండు రోజులు.

"ఉంది కదండీ. నేనే."

"ఈ పనికి నువ్వు కాదమ్మా. సిల్క్ వెళ్తుంది. నువ్వు కళ్ళద్దాలూ, ఎత్తుపళ్ళూ పెట్టుకుని ఆడపడుచుగా వెళ్తావు."

"ఎవరికి ఆడపడుచుని?"

"సిల్క్‌కి. అంటే మీ ఆయనకి చెల్లెలివన్నమాట."

పదిహేడు కాఫీ కప్పు సాసర్ మీద పెట్టేసింది. సిల్క్ అంటే డిపార్ట్‌మెంటులో తెలియనివాళ్ళు లేరు. ఆమె లిఫ్టులోంచి దిగితే మూడో అంతస్తులో టైపింగ్ ఆగిపోతుంది. గొంతు పట్టు గుడ్డ జారినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు.

చీఫ్ ఫైలు మూసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మొన్న మన బీరువాలోంచి ఒక చిప్ పోయింది. చిటికెనవేలి గోరంత. అందులో అవతలి దేశంలో మనకి పనిచేసిన నలభై ఒక్కమంది పేర్లు, ఫోటోలు, అడ్రసులు ఉన్నాయి. పదకొండో పేరు మీ ఆయనది."

"ఆయనదా? ఆయన వర్క్‌షాప్‌లో బ్యాటరీలు చూసుకునే మనిషి!"

"ఆ బ్యాటరీలే బాగుచెయ్యడానికి మూడేళ్ళ క్రితం దొంగతనంగా సరిహద్దు సరస్సు దాటి వెళ్ళొచ్చాడు. నీకు చెప్పలేదంటే మంచి ఏజెంటనే అర్థం. ఆ చిప్ అవతలి ఒడ్డుకి చేరిందంటే, వారం తిరక్కుండా మీ ఆయన ఉండడు."

"ఎలా దాటిస్తారు?" అంది పదిహేడు.

"ఎగరేసి. రేపు సరస్సు ఒడ్డున ఎలక్ట్రిక్ మోడల్ విమానాల పోటీ ఉంది. రిమోట్‌తో నడిచేవి. రెక్కలు రెండేసి మీటర్లు. సరస్సు దాటడానికి వాటికి రెండు నిమిషాలు చాలు. ప్రతి విమానాన్నీ స్క్రూ స్క్రూ విప్పి చూస్తున్నారు. ఎవరూ విప్పనిది ఒక్కటే, బ్యాటరీ. లిథియం ప్యాక్‌ని గుచ్చినా మంటే, కోసినా మంటే. అందుకే బ్యాటరీలన్నీ ఒకే టెంట్లో పెట్టి, కొలిచి, చార్జ్ చేసి, సీలు వేసి ఇస్తారు. ఆ టెంటుకి ఇన్‌చార్జ్ మీ ఆయన."

"మధ్యలో సిల్క్ ఎందుకండీ?"

"ఈ కబురు తెచ్చిందే ఆమె. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువో నాకింకా తేలలేదు. టెంట్లో భార్యగా కూర్చోబెడితేనే చిప్ తెచ్చే మనిషిని చూపిస్తానంటోంది. ఆమె మీద కన్నేసి ఉంచడానికే నువ్వు." చీఫ్ చెయ్యి చాపాడు. "ఆ పెళ్ళి ఉంగరం ఇలా ఇయ్యి. రేపు సాయంత్రం తిరిగొచ్చేస్తుంది."

"ఉంగరం సంగతి సరే. ఆయన?"

చీఫ్ మళ్ళీ ఫైల్లో తల దూర్చాడు.

* * *

పొద్దున తొమ్మిదికి టెంట్లో అన్నీ ఎక్కడివక్కడ అమరి ఉన్నాయి. పొడుగాటి బల్ల మీద పింగాణీ పలకలు. వాటి మీద ఎనిమిది చార్జర్లు. బల్ల కింద వరసగా ఇసుక బకెట్లు. పక్కనే సీలు వేసిన ప్యాకులు పెట్టే ఇనుప అర. గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టిన నోటీసు: "చార్జింగ్ జరుగుతుండగా టేబుల్ దగ్గర మనిషి లేకుండా ఉండరాదు."

ఆ రాత ఎవరిదో పదిహేడుకి తెలుసు. డిపార్ట్‌మెంటంతా అతన్ని డాక్టర్ అంటుంది. బ్యాటరీల నాడి చూస్తాడు కాబట్టి. పెళ్ళయిన రెండోనాడు సినిమా టికెట్లు చేతిలో పట్టుకుని, చార్జర్‌లో పచ్చలైటు వెలగలేదని ఇంటర్వెల్ దాకా ఆమెని గుమ్మంలో కూర్చోబెట్టిన మహానుభావుడు. ఆ సగం సినిమానే ఆమెకి ఎంత నచ్చిందో చెప్పలేం.

"ఇసుక పొడిగా ఉందా అన్నయ్యా?" అంది పదిహేడు, ఎత్తుపళ్ళ మధ్యనుంచి. అది కోడ్ మాట.

"నిన్ననే ఎండబెట్టాను చెల్లెమ్మా," అన్నాడు డాక్టర్, నవ్వు బిగబట్టుకుని. అంటే అంతా సవ్యంగానే ఉందని.

ఇంట్లో "ఏవండీ, మీరు" అనే మనిషిని పదిమందిలో "నువ్వు" అనడంలో ఒక తమాషా ఉందని పదిహేడు అప్పుడే కనిపెట్టింది. "అన్నయ్యా నువ్వు నీళ్ళు తాగావా? అన్నయ్యా నీ చొక్కాకి దారం వేలాడుతోంది." కానీ ఆ దారాన్ని ఆమెకంటే ముందే ఇంకో చెయ్యి తెంపేసింది.

ఆకుపచ్చ పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు. సిల్క్. ఆమె వేలికి పదిహేడు ఉంగరం.

"ఏమండీ," అంది సిల్క్, ఆ మాటని సాగదీస్తూ. "మీ చెల్లెలు నన్ను పలకరించనైనా లేదండీ."

"నమస్తే వదినా," అంది పదిహేడు. ఎత్తుపళ్ళు కరుచుకుపోయాయి.

"పాపం, పళ్ళు అలా ఉన్నాయి గానీ మొహం కళగానే ఉంది. సంబంధాలు చూస్తున్నారా?"

పదిహేడు చెవికమ్మలోని రేడియోలో ఏదో పటపటమంది. గేటు దగ్గర ఐస్‌క్రీమ్ వ్యాన్లో కూర్చున్న చీఫ్ నవ్వుతున్నాడన్నమాట.

సిల్క్ బల్ల మీద చెయ్యి ఆనించబోయింది. డాక్టర్ ఉలిక్కిపడ్డాడు.

"ఉంగరం తియ్యండి."

"అయ్యో, మన పెళ్ళి ఉంగరమండీ!"

"ఏ ఉంగరమైనా అంతే. రెండు టెర్మినల్స్‌కీ తగిలిందంటే కరెంటంతా అందులోంచే పోతుంది. వేలు కాలి ఊడుతుంది. ఆ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి."

సిల్క్ మూతి ముడుచుకుని ఉంగరం తీసి డబ్బాలో వేసింది. పదిహేడుకి పొద్దున్నుంచి అంత చల్లటి గాలి తగల్లేదు.

పైలట్లు ఒక్కొక్కరే వచ్చి ప్యాకులిచ్చి వెళ్తున్నారు. డాక్టర్ ప్రతిదాన్నీ తూచి, ఉబ్బిందేమో వేళ్ళతో నొక్కి చూసి, సెల్ సెల్‌కీ వోల్టేజ్ కొలుస్తున్నాడు. తొమ్మిదో నంబరు పైలట్ గళ్ళ టోపీ మనిషి. ఆరు సెల్స్ ప్యాక్ ఇచ్చాడు. చార్జ్ అయ్యాక మొత్తం పాతికపైన వోల్టులు. అంతా సక్రమం. డాక్టర్ నీలం టేపుతో సీలు వేసి అరలో పెట్టాడు.

పదింబావుకి సిల్క్ అతని మీదకి వంగింది. "ఏమండీ, ఆ మనిషెవరో చెప్తాను. ఇక్కడ కాదు. బయటికి రండి."

"రాలేను. రెండో చార్జర్ నడుస్తోంది."

"రెండు నిమిషాలేనండీ."

"ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. ఆగండి."

"దేశం సంగతండీ!"

"ఇది మంట సంగతి."

సిల్క్ పదిహేడు వైపు తిరిగి తియ్యగా నవ్వింది. "మరి మీ చెల్లెలుందిగా. ఓ నిమిషం కూర్చోదూ?"

డాక్టర్ చార్జర్ వైపు ఓసారి చూశాడు. "లేవకూడదు," అన్నాడు చివరికి, పదిహేడు కళ్ళలోకి చూస్తూ. "ఏం జరిగినా సరే."

"లేవను అన్నయ్యా."

మొదటి నిమిషం కదల్లేదు. టెంటు గుడ్డల మధ్య జానెడు సందు ఉంది. అందులోంచి సిల్క్ చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి ముందు డాక్టర్ భుజం మీద వాలింది. తరవాత కాలర్ సర్దింది. ఆ కాలర్‌ని పొద్దున ఇస్త్రీ చేసింది పదిహేడు. వెంట్రుకంత మడత కూడా లేదు అందులో, సర్దడానికి! తరవాత సిల్క్ అతని చెవి దగ్గరికి మొహం పెట్టింది. ఎంతకీ తియ్యలేదు.

కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది పదిహేడుకి.

లేచింది. టెంటు చుట్టూ తిరిగి వెళ్ళింది. ఓ డ్రమ్ము వెనక నిలబడి, రెండు చెవులూ రిక్కించి విన్నది. గాలికి ఒక్క ముక్కా వినిపించలేదు. మూడే మూడు నిమిషాలు. మళ్ళీ గబగబా వచ్చి కుర్చీలో కూర్చుంది. బల్ల మీద అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టర్ వచ్చాడు, చార్జర్ చూసి తృప్తిగా తలాడించాడు. అతనికేం చెప్పలేదు. ఏమని చెప్తుంది?

గళ్ళ టోపీ వచ్చి సీలున్న తన ప్యాక్ తీసుకుని, థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు.

* * *

రన్‌వే టెంటుకి ఎనభై అడుగుల దూరం. పైలట్లు వల వెనక నిలబడతారు. గీత దగ్గర ఒక వాలంటీరు విమానం తోక పట్టుకుంటాడు. ఒక నిమిషంపాటు మోటారు పూర్తిగా తిప్పి చూస్తారు. తెల్లజెండా ఊపగానే వదిలేస్తారు.

"తొమ్మిదో నంబరు!" అంది మైకు.

మోటారు గొంతెత్తింది. డాక్టర్ చేతిలో మీటరు అలాగే ఆగిపోయింది.

"ఇది ఆరు సెల్స్ గొంతు కాదు."

"ఏంటి?" అంది పదిహేడు.

"పొద్దున ఇదే మోటారు పరీక్షలో పాడిన శ్రుతి వేరు. ఇప్పుడు బాగా కిందకి దిగింది. ఐదే సెల్స్ పనిచేస్తున్నాయి." అతని మొహం పాలిపోయింది. "ఆరోది సెల్ కాదు. డొల్ల, చిప్ అందులోనే ఉంటుంది. నేను సీలు వేసింది ఈ ప్యాక్‌కి కాదు. అరలోది తీసి, నా టేపే చుట్టి ఇది పెట్టేశాడు ఆ గళ్ళ టోపీ. నువ్వు... టేబుల్ దగ్గర్నుంచి లేచావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండో పేరు గుర్తొచ్చి వెనక్కి పోయింది.

"లేచాను. మూడు నిమిషాలు."

"ఎందుకు?"

"ఆవిడ మీ కాలర్ సర్దుతోందండీ!"

చెల్లెలు వేషం ఆ ఒక్క "అండీ"తో ఊడిపడింది. గుమ్మంలోంచి పట్టు గుడ్డ జారినట్టు నవ్వు వినిపించింది. సిల్క్ చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు.

"కూర్చో ఆడపడుచూ. ఇందాక లేచావుగా, ఇప్పుడు కూర్చో."

బయట మోటారు కేక పెడుతోంది. పదిహేడు కదిలేలోపలే డాక్టర్ కాలితో బకెట్ తన్ని, దోసెడు ఇసుక తీసి సిల్క్ మొహాన కొట్టాడు. ఎండబెట్టిన ఇసుక. పిస్తోలు పేలి టెంటు కప్పులో చిల్లు పడింది. పదిహేడు ఆ చేతిని మెలితిప్పి, పిస్తోలు లాక్కుని, ఆకుపచ్చ స్కార్ఫుతోనే ఆమెని గుంజకి కట్టేసింది. ఆ ముడి కావలసిన దానికంటే రెండు మెలికలు ఎక్కువే పడింది.

"నువ్వు పరిగెత్తు!" అన్నాడు డాక్టర్. "నేను రాలేను!"

"ఏం?"

"ఐదో చార్జర్ నడుస్తోంది!"

వాదించే టైము లేదు. పదిహేడు పరిగెత్తింది. "ఇసుక తడిసింది! ఇసుక తడిసింది!" అని చెవికమ్మలోకి అరిచింది. ఐస్‌క్రీమ్ వ్యాను తలుపు తెరుచుకుంది గానీ గేటు రెండు ఫర్లాంగుల దూరం. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. ఎత్తుపళ్ళు ఎక్కడో గడ్డిలో పడ్డాయి.

తెల్లజెండా లేచింది.

"ముందునుంచి కాదు!" వెనకనుంచి డాక్టర్ కేక. "ప్రొపెల్లర్! వెనకనుంచి వెళ్ళు! ఎర్ర రిబ్బన్! ఎర్ర రిబ్బన్ లాగు!"

జెండా దిగింది. వాలంటీరు తోక వదిలాడు. విమానం గడ్డి మీద ఉరికింది. పదిహేడు ఏటవాలుగా అడ్డం కొట్టి రెక్క వెనక నుంచి దూకింది. ఒక చేత్తో తోక దొరకబుచ్చుకుంది. అది ఆమెని మోకాళ్ళ మీద నాలుగు గజాలు ఈడ్చుకుపోయింది. చక్రాలు నేల విడిచాయి. పొట్ట పక్కన బ్యాటరీనీ మోటారునీ కలిపే చిన్న ప్లగ్గు, దానికి ఎర్ర రిబ్బన్. ఇంకో చేత్తో అందుకుని లాగింది.

చిటుక్కుమని ఒక మెరుపు. మోటారు గొంతు తెగిపోయింది. విమానం ఆమె ఒళ్ళో కూలబడింది. ముక్కుకి జానెడు దూరంలో సరస్సు నీళ్ళు.

వల వెనక గళ్ళ టోపీ రిమోట్ మీద వేళ్ళు ఇంకా పైకి తోస్తూనే ఉన్నాడు. చీఫ్ మనుషులు వచ్చి భుజం తట్టేదాకా.

* * *

సిల్క్‌ని తీసుకెళ్తుంటే ఆమె పదిహేడు ఎదుట ఆగింది. కళ్ళు ఇసుకతో ఎర్రబడ్డాయి. అయినా అందంగానే ఉంది దరిద్రం.

"మీ ఆయన్ని కుర్చీలోంచి లేపడానికి నెలరోజులు ప్లాన్ వేశాను తెలుసా? సెంటు మార్చాను. గొంతు మార్చాను. తన బదులు ఇంకో మనిషిని కాపలా పెడితే తప్ప లేవడు! నిన్ను లేపడానికి మాత్రం ఒక్క కాలర్ చాలింది."

పదిహేడుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్లాస్టిక్ డబ్బాలోంచి ఉంగరం తీసుకుని చున్నీ చివర ముడి వేసుకుంది.

చీఫ్ తొందరపడుతున్నాడు. "కత్తి తీసుకుని ఆ ప్యాక్ కోసెయ్యవయ్యా. చిప్ చూడాలి."

"కొయ్యకూడదు సార్," అన్నాడు డాక్టర్. "కుదుపుకి దెబ్బ తిన్న ప్యాక్. గాటు పడితే చిప్పూ ఉండదు, మనమూ ఉండం. ఆరుబయట ఇసుకలో పెట్టి, నెమ్మదిగా కరెంటు దింపాలి. రెండు గంటలు. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి."

"ఎవరు?"

అడగక్కర్లేని ప్రశ్న అది.

మైదానం ఖాళీ అయింది. ఇసుకలో ప్యాక్, దానికి తగిలించిన బల్బు, దానికి మూడు గజాల దూరంలో డాక్టర్. పదిహేడు చీరుకుపోయిన మోకాళ్ళతో వచ్చి అతని పక్కన చతికిలబడింది. సగం కోపం, సగం సిగ్గు.

"నేను లేవకుండా ఉండాల్సింది."

"అవును," అన్నాడు అతను. "మీ పరుగు మాత్రం బావుంది."

"నన్ను పట్టుకుని ‘మీ’ ఏంటి?"

"అలవాటవ్వాలిగా. నువ్వు నన్ను ‘నువ్వు’ అంటే బావుంది. నేను నిన్ను ‘మీరు’ అని చూద్దామని."

ఆమెకి నవ్వొచ్చింది. కానీ లోపల ఆ అగ్గిపుల్ల ఇంకా ఆరలేదు. "చెవిలో ఏం చెప్పింది? అంతసేపు?"

"నా కళ్ళు బావున్నాయంది."

"ఆఁ! దానికి నువ్వేమన్నావు?"

"అవతల ప్యాక్ చార్జింగ్‌లో ఉందండీ, తొందరగా చెప్పండి అన్నాను."

పదిహేడు కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఈ మనిషి వారం తరవాత కూడా ఉంటాడు. ఆ తరవాతి వారమూ ఉంటాడు.

"ఏదీ, ఇటు చూడు," అంది మెల్లగా. "నిజంగా బావున్నాయేమో చూస్తాను."

"ఇంకో గంటా నలభై నిమిషాలు," అన్నాడు అతను, ఇసుక మీంచి చూపు తిప్పకుండానే. "దీని మీంచి కళ్ళు తియ్యకూడదు."

ఏజెంట్ పదిహేడు అతని భుజానికి తలవాల్చి, ఇసుకలో వెచ్చగా పడుకున్న ఆ ఐదు సెల్స్ వైపు సవతిని చూసినట్టు చూసింది.