నాడి లేని నిరీక్షకులు

క్రీస్తుశకం రెండువేల తొంభై ఒకటి నాటికి కాకినాడలో నాడి పట్టి చూడడం తాళపత్రం చదవడమంత అపురూప విద్యగా మారింది. హృదయ మార్పిడి కోసం వేచివున్నవారి ఎదలో ‘నిత్యధార’ అనే యాంత్రిక పంపు నెత్తురును ఎడతెగక తోస్తూ ఉండేది, కొట్టుకునేది కాదు. దాత హృదయం దొరికేదాకా ప్రాణం నిలపడమే దాని అవతార ప్రయోజనం.

దాని సృష్టికర్త డాక్టర్ పొట్నూరి హైమవతి ఆ ఉదయం కాళ్లీడ్చుకుంటూ ఆసుపత్రి వసారాలోకి వచ్చింది. నిరీక్షకులంతా గోడకు తీగలు తగిలించుకుని, బ్యాటరీలు నింపుకుంటూ, పేకముక్కలు చేతబట్టి చతుర్ముఖ పారాయణంలో మునిగివున్నారు. తొమ్మిదేళ్లుగా ఆమె ఎదలోనూ నిత్యధారే, ఆమె తీగ కూడా ఆ గోడకే.

దాత హృదయం వచ్చింది. ఎవరి దేహానికైనా అమరుతుంది. మూడు గంటలే నిలుస్తుంది. ఆ ఏడు అప్పటికే రెండు హృదయాలు పుచ్చుకునేవారు లేక వృథా అయ్యాయి. మూడోదాన్ని పోనివ్వనని దాత తల్లికి హైమవతి మాటిచ్చింది.

“సన్యాసిరాజు గారూ, మీ వంతండి.”

పదకొండేళ్ల నిరీక్షణతో వసారాకు చక్రవర్తి అయిన ఆయన తల ఎత్తలేదు. “ఎందుకమ్మా? ఈ పంపు పెట్టాక మా ఆవిడ ఎన్ని కేకలేసినా దడ లేదు. మళ్లీ ఆ దడ కొనితెచ్చుకోమంటారా?”

“ఇది వంతెనండీ! దాటమని వేశాం.”

“వంతెన మీద గాలి బాగుంది డాక్టరమ్మా,” అంది బంగారమ్మ, ముక్క దింపుతూ. వసారా గొల్లున నవ్వింది.

వరుస చూసే యంత్రం ‘క్రమపాలిక’ ఒక్కొక్కరినే పిలిచింది. ఒకరికి ఆషాఢం అడ్డొచ్చింది, మరొకరికి చేతిలోని మంచి ముక్కలు.

“చివరి పేరు, పొట్నూరి హైమవతి,” అంది క్రమపాలిక. “గడువు నలభై నిమిషాలు. సమ్మతమేనా, డాక్టర్?”

కిటికీ అవతల బల్ల మీద దాత తల్లి ఇటే చూస్తూ కూర్చుంది. ఆ చూపుకు ఎవరి గుండె అయినా దడదడలాడాలి. హైమవతి ఎదలో నిత్యధార నిమిషానికి అయిదు లీటర్ల చొప్పున, పరమ ప్రశాంతంగా సాగిపోతోంది. తన సృష్టి పనితనానికి ఆమె తానే ముగ్ధురాలైంది.

“కాదని రాయి,” అంది. ఖాళీ కుర్చీలో కూలబడి, తీగ తగిలించుకుని, చేయి చాచింది. “రాజుగారూ, నాకూ పంచండి.”