పిట్ట ముట్టని ముద్ద

చిట్కుల్‌లో రవళి వాళ్లు కిరాయికుండే రెండు గదుల ఇంట్లో ఆదివారం అంటే కోడికూర, మధ్యాహ్నం ఒక నిద్ర, లేచాక చిన్న గొడవ. మొగుడూ పెళ్లామూ ఒకే కంపెనీలో పనిచేస్తే ఇంటికొచ్చినా ఆ ముచ్చట్లే నడుస్తాయి మరి. దశరథ్ పాశమైలారంలో ట్యాంకుల దగ్గర ఆపరేటర్. ఈస్టు కణాల చేత ప్రోటీన్ తయారుచేయించే ట్యాంకులవి. రవళి అక్కడే ల్యాబులో ఉంటుంది. తయారైన ప్రోటీన్ సరిగ్గా ముడుచుకుందో లేదో చూడటం ఆమె పని.

"ముడుసుకునుడు సూసేటందుకు గూడ జీతమిస్తరా?" అని దశరథ్ ఏడిపించేవాడు. మేనబావ కాబట్టి ఎంత ఏడిపించినా చెల్లుతుందని అతని ధీమా.

ఒకసారి ఆమెకు రోషమొచ్చి, ఐదేళ్ల మహిత మెడలోని పూసల దండ తీసి చూపించింది. "కణంల ఇది పొడుగు దారం లెక్కనే పుడ్తది బావా. ఒక్కో పూస ఒక్కో దిక్కు గుంజితె దానంతట అదే ముడుసుకుంటది. ఎట్ల ముడిస్తె అట్లనే పని చేస్తది. కొన్ని ఉంటయి... తప్పు ముడిసినయంటె, పక్కదాన్ని గూడ తమ తీర్గనే ముడుస్తయి. గా పక్కది ఇంకోదాన్ని. మందు లేదు. పురుగు కాదు గద, సంపుదమంటె సావదు."

"పానం లేంది ఎట్ల పాకుతదే?" అని దశరథ్ పకపకా నవ్వాడు. అప్పటికి ఓదెలు ఇంకా బతికే ఉన్నాడు.

ఓదెలు దశరథ్‌తో కలిసి పనిచేసేవాడు. ఒకే బీడీ చెరి సగం కాల్చేంత దోస్తీ. సెలవు రోజున ప్రోటీన్ డబ్బాలు తేవడానికి కోల్డ్ రూమ్‌లోకి వెళ్తే లోపలి గొళ్లెం పట్టేసింది. తెల్లారి తలుపు తీసేసరికి మూలన కూర్చుని ఉన్నాడు. కుడి మోకాలు ఛాతీకి ఆనుకుని ఉంది. గడ్డం ఎడమ భుజం మీద వాలింది. వేళ్లన్నీ అరచేతిలోకి ముడుచుకున్నాయి. బయటికి తెచ్చి ఎండలో పెట్టినా ఆ మనిషి సాగలేదు. కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే తీసుకెళ్లి పూడ్చారు.

మూడో రోజు పోయినవాడి పేరున పిట్టకు అన్నం పెట్టాలి. ప్రాణం ఎక్కడ పోయిందో అక్కడే పెట్టాలని ఓదెలు భార్య పట్టుబట్టింది. పైవాళ్లు ఎందుకు ఒప్పుకున్నారో కానీ ఒప్పుకున్నారు. కోల్డ్ రూమ్‌లో విస్తరేసి అన్నం, మటన్, పెరుగు పెట్టారు. ఈగ కూడా దూరని గది అది, పిట్ట ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పిట్ట ముట్టుకుంటేనే ఇంటికి పోతానని ఆమె గేటు బయట ఎండలో కూర్చుంది. దశరథ్ విస్తరి దగ్గర కాపలా ఉన్నాడు. పొద్దు వాలేదాకా చూసి, ఇక చూడలేక, ఆ అన్నంలోంచి ఒక ముద్ద తానే తిన్నాడు. బయటికొచ్చి, "పిట్ట ముట్టింది వదినా, ఇగ ఇంటికి పో" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు రవళికి భయం వేయలేదు. తన మొగుడి మనసు ఎంత మంచిదో అనుకుని మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడామెకు ఏడుపొస్తుంది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఉదయం నుంచీ ముసురు. మధ్యాహ్నం దశరథే పాపకు కూరన్నం కలిపి తినిపించాడు. ముగ్గురూ పడుకున్నారు. రవళికి మెలకువ వచ్చేసరికి కరెంటు లేదు. మబ్బుకు ఇల్లంతా చీకటైపోయింది. రేకుల మీద వాన చప్పుడు. దాని కింద ఇంకేదో చప్పుడు... టిక్... టిక్... ఎవరో వేళ్లు విరుచుకుంటున్నట్టు.

వాసన కూడా వచ్చింది. తడి ఇనుము, పులిసిన పిండి కలిసిన వాసన. కోల్డ్ రూమ్ తలుపు తీయగానే ముఖానికి కొట్టేది అదే.

పక్కన దశరథ్ లేడు. వంటగది తలుపు మూలన ఉన్నాడు. కూర్చుని ఉన్నాడు. కుడి మోకాలు ఛాతీకి ఆనుకుని...

"బావా..."

దగ్గరికి వెళ్లి చెయ్యి వేసింది. మంచుగడ్డ మీద వేసినట్టే ఉంది. మోకాలు పట్టుకుని బలంగా కిందికి లాగింది. వచ్చింది. వదిలింది. టిక్... టిక్... మెల్లగా మళ్లీ ఛాతీ దగ్గరికే వెళ్లిపోయింది.

"గుంజకే," అని గుసగుసలాడాడు దశరథ్. "గిట్ల కూసుంటెనే నిమ్మలంగున్నది."

"ఏమైంది బావా? దవాఖానకు పోదాం లే."

"తలుపు తీస్తలేరు రవళీ... ఎంతగనం కొట్టినా తీస్తలేరు."

అతను చెబుతున్న తలుపు ఏదో ఆమెకు అర్థమైంది. ఒక్క క్షణం అతని కళ్లలో మళ్లీ పాత దశరథ్ కనిపించాడు. "బిడ్డను తీస్కపో," అన్నాడు. "జల్దీ పో."

మహిత మంచం మీద చేతులూ కాళ్లూ బార్లా చాపి పడుకుని ఉంది. ఆ చాపిన కాళ్లను చూసి రవళి దేవుడికి దండం పెట్టుకుంది. పాపను దుప్పట్లో చుట్టి, తన ఒళ్లు తగలకుండా ఎత్తుకుని, వానలోనే ఆటో పట్టుకుని భానూర్ వెళ్లింది. దారిలో తన కుడిచేతి వేళ్లు అరచేతిలోకి పోవడం చూసింది. చాపింది. మళ్లీ పోయాయి. చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

తల్లి మొగులమ్మ గుమ్మంలోకి వచ్చింది. రవళి గడప తొక్కలేదు.

"బావకు పానం మంచిగ లేదమ్మా. అంటుకునే రోగమట. మేమిద్దరం ఏమైనా సరే, నువ్వు గాడికి రావొద్దు. బిడ్డను తేవొద్దు."

"గిదేం మాటనే? లోపలికి రా, తడుస్తున్నవు."

"నన్ను ముట్టకమ్మా."

తిరిగి ఇంటికొచ్చి లోపల గడియ పెట్టింది. ఇంకేం చేయాలో ఆమె చదువు ఆమెకు చెప్పలేదు. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చిగుడ్డు చేయడం ఎవరి వల్లా కాదు, తప్పు ముడుచుకున్నదాన్ని విప్పడమూ అంతే. కానీ ముట్టుకునేవాళ్లు లేకపోతే ఆ ఆకారం ఇంకొకరిలోకి పోదు. తమ ఇద్దరితోనే ఆగిపోతుంది. బిడ్డ బతుకుతుంది. ఆ ఒక్క ఆశ పట్టుకుని వెళ్లి మొగుడి పక్కన కూర్చుంది. కుడి మోకాలు దానంతట అదే లేచింది. అతను చెప్పింది నిజమే, అలా కూర్చుంటే నిమ్మళంగానే ఉంది. అదే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

ఫోన్ మోగింది. వేళ్లు సాగక, ముడుచుకున్న పిడికిలితోనే స్పీకర్ నొక్కింది.

"బిడ్డ గురించి ఫికర్ చెయ్యకు," అంది మొగులమ్మ. "మంచిగ ఆడుకుంటున్నది. పాలు కాగవెట్టి ఇచ్చిన, సగం తాగి పెట్టింది. గని ఒక్క ఇచ్చంత్రమే..."

"ఏందమ్మా..."

"తాగంగ మిగిలిన పాలు గిలాసలనే గట్టిగ పేరుకున్నయి. నేను తోడు గూడ వెయ్యలే. గిలాస పట్టుకుంటె చెయ్యి జిల్లుమన్నది."

రవళి నోరు తెరిచింది. గడ్డం ఎడమ భుజానికి అంటుకుపోయి మాట సరిగా రాలేదు. "పారబొయ్యి... అమ్మా... దాన్ని ముట్టకు..."

"పారబోసుడెందుకని నేనే తిన్ననే," అంది మొగులమ్మ. "తియ్యగనే ఉన్నయి."